ఆ ఎముక మెట్ల మీద విరగలేదు

ఈ వారం ఉత్తరం ఒక హెడ్ కానిస్టేబుల్ గారిది. పేరు, ఊరు, జిల్లా ఏవీ వేయొద్దన్నారు. సర్వీసు ఇరవై ఆరేళ్లు. పెద్దమ్మాయి యూనివర్సిటీలో పీజీ రెండో ఏడాది చదువుతోంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదు, అవి కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. దాంతో పిల్లలంతా పరిపాలనా భవనం ముందు బైఠాయించారు. నాలుగో రోజు చీకటి పడే వేళకు పోలీసులు దిగారు. "లేచి వెళ్లమని ఎవరైనా చెప్పారో లేదో నాకు వినపడలేదు నాన్నా, ఈలలు వినపడ్డాయి, అంతే, పరుగే" అని అమ్మాయి చెప్పిందట. లాఠీ తల మీదికి వస్తుంటే ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగింది. ఒక కాలికే చెప్పుతో ఇంటికి చేరింది. ఆ ఒంటి చెప్పు ఇప్పటికీ గుమ్మం పక్కనే ఉందని, తీసి పారేయడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రావడం లేదని రాశారు.

ఆ రాత్రే ఆయన అమ్మాయిని తెలిసిన ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. "ఎలా తగిలింది?" అని డాక్టరు అడిగితే, అమ్మాయి నోరు విప్పేలోపే "మెట్ల మీద నుంచి పడిందండీ" అని ఈయనే చెప్పేశారు. మెడికో లీగల్ కేసు అయితే స్టేషన్‌కు ఇంటిమేషన్ వెళ్తుందని, అమ్మాయి పేరు కేసులోకి, తన పేరు ఆఫీసర్ల నోళ్లలోకి ఎక్కుతుందని భయం. డిశ్చార్జి కాగితం మీద కూడా మెట్లే వచ్చాయి. ఇంటికొచ్చాక అమ్మాయి ఆ కాగితం చదివింది. అప్పట్నుంచి తండ్రితో మాట్లాడటం లేదు. ఇది జరిగి పంతొమ్మిది రోజులు.

విద్యార్థుల మీద ఎఫ్‌ఐఆర్ అయింది. అందులో ఆరుగురి పేర్లు, ఆపైన "మరికొందరు". తెలిసిన అధికారి ఒకాయన కబురు పెట్టారు: "మీ అమ్మాయి పేరు రాకుండా మేం చూసుకుంటాం, మీరు ఏదీ కదపకండి." అమ్మాయేమో కంప్లయింట్ ఇచ్చి తీరతానంటోంది. గ్రూప్ టూ కలలు, పాస్‌పోర్టు అన్నీ పోతాయని తల్లి ఏడుస్తోంది. ఉత్తరం చివర్లో ఆయన రాసింది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "నేనూ బందోబస్తుల్లో లాఠీ ఎత్తినవాడినే మేడమ్. ఆర్డర్ వస్తే ఎత్తాలి. మా పాపను కొట్టినవాడు పొద్దున్నుంచి నీళ్లు లేకుండా నిలబడ్డ కుర్రాడే అయి ఉంటాడు. వాడి మీద కేసు పెట్టమని నా కూతురికి ఎలా చెప్పను? వద్దని ఎలా చెప్పను?"

మీ ఉత్తరం చదివాక నా మనసు ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. ఎక్స్‌రేలో విరిగింది "చిటికెన వేలి వైపు ఎముక, మధ్యలో" అని రాశారు. జారి పడేవాళ్లు మామూలుగా అరచెయ్యి కింద ఆనిస్తారు. అప్పుడు ఎక్కువగా దెబ్బతినేది మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు ఎముక. తలను కాపాడుకోవడానికి చెయ్యి పైకెత్తినవాళ్లకు దెబ్బ చిటికెన వేలి వైపు ఎముక మీద పడుతుంది. వైద్యుల పుస్తకాల్లో ఎముక ఇలా విరగడానికి ఇంగ్లిష్‌లో పోలీసు కర్ర పేరే పెట్టారు. మీకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. ఆ రాత్రి అమ్మాయి చెయ్యి చూడగానే మీకు అర్థమైపోయి ఉంటుంది. అర్థమైంది కాబట్టే ఆ మాట అంత తొందరగా మీ నోట్లోంచి వచ్చింది.

మిమ్మల్ని నిందించడానికి ఇది అనడం లేదు. మీరు ఆ క్షణంలో బిడ్డను కాపాడుకుంటున్నాననే అనుకున్నారు. కానీ మీరు అడిగిన ప్రశ్నలో ఒక చిక్కు ఉంది. కేసు పెట్టమనాలా, వద్దనాలా అని అడుగుతున్నారు. ఆ నిర్ణయం మీది కాదు. ఆమె మేజరు, దెబ్బ ఆమెది, ఫిర్యాదూ ఆమెదే. మీ చేతిలో ఉన్నది వేరే ఒకటి. రేపు ఆమె ఏ దారిలో వెళ్లినా, మానవ హక్కుల కమిషన్‌కైనా కోర్టుకైనా, అవతలి లాయరు మొదట బయటికి తీసేది ఆ డిశ్చార్జి కాగితమే. "మెట్ల మీద పడిందని అప్పుడే రాసుకున్నారుగా" అంటాడు. ఆ మాట ఆమె చెప్పింది కాదు, నేను చెప్పాను, భయపడి చెప్పాను అనగలిగిన మనిషి మీరొక్కరే. డాక్టరుకు మీరు చెప్పినదే తెలుసు. అందుకని ఈ వ్యవహారంలో మీరు పక్కన నిలబడి సలహా ఇచ్చే తండ్రి కాదు, సాక్షి. మీ అమ్మాయి మౌనం కూడా దాని గురించేనని నాకనిపిస్తోంది. లాఠీ దెబ్బ ముక్కూ మొహం తెలియనివాళ్లు కొట్టారు. ఆ దెబ్బ తగల్లేదని రాయించింది నాన్న.

ఇక చేయగలిగినవి చూద్దాం. కంప్లయింట్ ఇచ్చినా ఇవ్వకపోయినా ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటికి టైమ్ లేదు. క్యాంపస్ సీసీ కెమెరాల్లో చాలా చోట్ల కొద్ది వారాలకే పాత రికార్డు మీద కొత్తది పడిపోతుంది. పంతొమ్మిది రోజులు గడిచిపోయాయి. ఫలానా తేదీ, ఫలానా వేళ, పరిపాలనా భవనం ముందున్న కెమెరాల ఫుటేజీని భద్రపరచాలి అని మీ అమ్మాయి రిజిస్ట్రార్‌కు ఒక లెటర్ రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ఈమెయిల్ కూడా చేయాలి. పోలీస్ స్టేషన్ కెమెరాల సంగతి కాస్త మేలు. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లోనూ కెమెరాలుండాలని, రికార్డును పద్దెనిమిది నెలలు ఉంచాలని, అంత వీలు లేనిచోట కనీసం ఏడాది ఉంచాలని చెప్పింది. ఆ సాయంత్రం స్టేషన్‌కు తీసుకెళ్లిన పిల్లలకు ఇది పనికొస్తుంది, వాళ్లకు చెప్పండి.

ఆమె ఫ్రెండ్ ఫోన్లో వీడియో ఉందన్నారు. వాట్సాప్‌లో వచ్చిన కాపీని నమ్ముకోవద్దు. తీసిన ఫోన్‌ను, ఒరిజినల్ ఫైలును అలాగే ఉంచమనండి. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి, అది లాయరు చూసుకుంటారు.

ఆసుపత్రి విషయం జాగ్రత్తగా వినండి. ఆ డాక్టరు తెలిసినాయనే కాబట్టి, వెళ్లి కాగితం మార్పించుకుందామని మీకు అనిపించవచ్చు. దయచేసి ఆ పని చేయకండి. ఒక అబద్ధం పైన దిద్దుడు పడితే రెండూ అబద్ధాల్లాగే కనబడతాయి. కేసు షీటు కాపీ కావాలని అమ్మాయి చేత రాతపూర్వకంగా అడిగించండి. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది. తర్వాత అమ్మాయి ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పి పరీక్ష చేయించుకోవచ్చు. ఎముక ఎంతవరకు అతుక్కుందో ఎక్స్‌రే చూసి, దెబ్బ ఎన్నాళ్ల కిందటిదో డాక్టర్లు సుమారుగా చెప్పగలరు. ఆ రాత్రి నేనేం చెప్పాను, ఎందుకు చెప్పాను అని మీరు ఒక కాగితం మీద తేదీ వేసి రాయండి. ఇప్పుడే ఎవరికీ ఇవ్వక్కర్లేదు. లాయరుకు చూపించండి, ఎప్పుడు ఎక్కడ ఇవ్వాలో ఆయన చెబుతారు.

ఆ కాగితం మీద సంతకం పెడితే మీకేమవుతుందోనని లోపల టెన్షన్ ఉంటుంది. ఏమీ కాదని నేను అనను. మెమో రావచ్చు. లూప్‌లైన్‌లో, అంటే ప్రాధాన్యం లేని పోస్టులో వేయొచ్చు, దూరంగా ఎక్కడికో అటాచ్ చేయొచ్చు. మీ ఆఫీసర్లలో కొందరు మీతో మాట్లాడటం మానేస్తారు. సర్వీస్ రూల్స్ తెలిసిన లాయరును మీకోసం విడిగా కలవండి, అమ్మాయి లాయరే మీ లాయరు కావాల్సిన పని లేదు. మీడియాతో మీరు మాట్లాడకండి. కానీ మేజరైన కూతురు ఫిర్యాదు ఇవ్వడం తండ్రి చేసిన తప్పు కిందికి రాదు. ఆమెను ఆపడం మీ డ్యూటీ కాదు.

ఇప్పుడు ఆ కబురు సంగతి. "పేరు రాకుండా చూసుకుంటాం" అన్నది నోటిమాట. ఎఫ్‌ఐఆర్‌లో "మరికొందరు" అన్న మాట ఎందుకుంటుందో మీకంటే బాగా ఎవరికి తెలుసు? చార్జిషీటు పడేదాకా ఆ తలుపు తెరిచే ఉంటుంది. అంటే మీరు నిజమైన ఫిర్యాదును వదులుకుని, ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగిన ఒక హామీని కొనుక్కుంటున్నారు. ఇంకోటి. ఆ ఆరుగురు పిల్లలు మీ అమ్మాయి పక్కన నాలుగు రోజులు కూర్చున్నవాళ్లు. వాళ్ల పేర్లు లోపల ఉండి ఈమె పేరు మాత్రం బయట ఉంటే, హాస్టల్లో ఆమె తల ఎత్తుకుని తిరగలేదు. అయినా సరే, భయంతో ఉన్న కుటుంబాలు ఆ దారి పట్టడం నేను చాలాసార్లు చూశాను, వాళ్లను తక్కువగా చూడను. ఆమె అన్నీ తెలుసుకుని, ఇప్పుడు వద్దు, చదువు పూర్తయ్యాక చూద్దాం అంటే అది కూడా గౌరవించాల్సిన నిర్ణయమే. మీరు ఆమెకు తెలియకుండా ఆ బేరం కుదుర్చుకోవడం మాత్రం ఆ రాత్రి చెప్పిన మాటనే మళ్లీ చెప్పడం అవుతుంది.

తల్లిగారి భయం గురించి. కేసు పెడితే ఉద్యోగం రాదు అన్న మాట మనిళ్లలో తాతల నాటి నుంచి ఉంది. ఎఫ్‌ఐఆర్‌లో పేరున్నంత మాత్రాన ప్రభుత్వోద్యోగం దానంతటది పోదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం విడమరిచి చెప్పింది. ఉద్యోగానికి నింపే అటెస్టేషన్ ఫారంలో అడిగినప్పుడు దాచిపెట్టడమే పెద్ద ప్రమాదం. నిజం రాస్తే కేసు ఎలాంటిది, ఎంత తీవ్రమైనది, ఏ వయసులో జరిగింది అన్నవి చూసి నిర్ణయిస్తారు. పాస్‌పోర్టు విషయంలో కూడా అడ్డం వచ్చేది కోర్టులో నడుస్తున్న కేసే, అప్పుడు కూడా ఆ కోర్టు అనుమతితో తీసుకునే దారి ఉంది. ఆలస్యాలు ఉంటాయి, వెరిఫికేషన్‌లో అడిగిందే అడుగుతారు. కానీ బతుకు ఆగిపోదు.

మన దగ్గర ఇలాంటి కేసులు ఎటు పోతాయో కూడా చూడండి. 2016 మార్చి 22న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో లాఠీచార్జి తర్వాత పాతికమంది దాకా విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులు చర్లపల్లి జైలుకు వెళ్లారు. వారం తిరిగేసరికి బెయిలు మీద వచ్చారు. 2025లో అదే యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల భూమి గొడవలో విద్యార్థుల మీద పెట్టిన కేసులను వెనక్కి తీసుకోమని ప్రభుత్వమే చెప్పింది. అది మంచిదే. అయితే నాకు ఎప్పుడూ గుచ్చుకునేది ఒకటి ఉంది. పిల్లల మీద కేసులు ఎత్తేయగానే గొడవ సద్దుమణిగింది అనుకుంటాం. లాఠీ ఎవరు ఎత్తమన్నారు, ఎందుకు ఎత్తారు అన్న లెక్క కూడా దాంతోపాటే మూసుకుపోతుంది. 1952 సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర స్థానికులకే ఉద్యోగాలు ఇవ్వాలన్న ముల్కీ ఆందోళనలో కాల్పులు జరిగితే, హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డితో విచారణ జరిపించారు. అంత పెద్ద ఘటన జరిగితే తప్ప విచారణ అన్న మాట వినపడదు. ఒక అమ్మాయి చెయ్యి విరిగితే ఎవరూ కమిషన్ వేయరు. అక్కడ ఫిర్యాదు ఒక్కటే విచారణకు దారి.

ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే దారులు మూడు నాలుగున్నాయి, వేటి బరువు వాటిది. అన్నిటికంటే తేలికైంది రాష్ట్ర మానవ హక్కుల కమిషన్. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు, ఘటన జరిగిన ఏడాదిలోపు ఇవ్వాలి. కమిషన్ సిఫారసు చేయగలదే తప్ప శిక్ష వేయలేదు. ఆ మధ్య తెలంగాణలో రెండేళ్లకు పైగా కమిషన్‌కు చైర్మనే లేకుండా నడిచింది కూడా. అయినా కమిషన్ నోటీసు వెళ్తే డిపార్ట్‌మెంట్ తన వివరణ కాగితం మీద పెట్టాలి, ఆ కాగితం తర్వాత ఎక్కడైనా పనికొస్తుంది. పోలీసుల మీద ఫిర్యాదులకు ప్రత్యేకంగా అథారిటీలు ఉండాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ జిల్లాలో అది నడుస్తోందో లేదో లాయరు ద్వారా కనుక్కోండి.

రెండోది క్రిమినల్ దారి. ఎముక విరిగితే అది చట్టం దృష్టిలో తీవ్రమైన గాయం, భారతీయ న్యాయ సంహిత 116, 117 సెక్షన్లు. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం నాగరిక్ సురక్షా సంహితలో ఒక మెలిక పెట్టారు. డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద ఫిర్యాదైతే, దర్యాప్తుకు ఆదేశించే ముందు మేజిస్ట్రేట్ పై అధికారి రిపోర్టును, ఆ ఉద్యోగి చెప్పేదాన్ని చూడాలి. ఆ తర్వాత ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి. 218వ సెక్షన్ కింద అడిగిన 120 రోజుల్లో ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే అని రాయడం కొంత నయం. ఇదంతా ఏళ్ల మాట. ఈ దారిలో వెళ్తే "మరికొందరు" లోకి ఆమె పేరు చేరే అవకాశం ఎక్కువ, అది ముందే తెలిసి వెళ్లాలి.

మూడోది హైకోర్టులో రిట్. నిష్పాక్షిక విచారణ, నష్టపరిహారం అడగొచ్చు. 2011 జూన్‌లో అర్ధరాత్రి ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో నిద్రపోతున్నవాళ్ల మీద పోలీసులు పడ్డ ఘటనను సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుని, 2012లో తీర్పు ఇచ్చి, చనిపోయిన మహిళ కుటుంబానికి 5 లక్షలు ఇప్పించింది. 2016లో అనితా ఠాకూర్ కేసులో, గుంపు అదుపులోకి వచ్చాక కూడా కొడుతూ పోవడం హక్కుల ఉల్లంఘనే అని చెప్పి, దెబ్బలు తిన్నవాళ్లకు పరిహారం ఇచ్చింది. పారిపోతున్న పిల్లని కొట్టడం ఆ మాట కిందికే వస్తుందని వాదించవచ్చు. లాయరు ఖర్చు గురించి రాశారు. ఆదాయం ఎంతైనా సరే, మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

చివరగా ఆ కుర్రాడి గురించి. కొట్టినవాడి గురించి కూడా మీకు నిద్ర పట్టడం లేదు, అది నన్ను కదిలించింది. కానీ చట్టం ఏమంటోందో మీకు తెలుసు. నాగరిక్ సురక్షా సంహిత 148 ప్రకారం గుంపును చెదిరిపొమ్మని ఆదేశించాల్సింది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, స్టేషన్ హౌస్ ఆఫీసర్, ఆయన లేకపోతే ఎస్సైకి తగ్గని అధికారి. ఆదేశం విన్నాక కూడా కదలకపోతేనో, కదిలేది లేదన్నట్టు గుంపు ప్రవర్తిస్తేనో బలప్రయోగం. అంటే అక్కడ ఒక నోరు ఉంది, ఆ నోటికి ఒక ర్యాంకు ఉంది. మీ అమ్మాయి ఫిర్యాదులో "గుర్తు తెలియని కానిస్టేబుల్ కొట్టాడు" అని మాత్రమే రాస్తే, అందరూ కలిసి ఆ పిల్లాడినే ముందుకు నెడతారు. హెచ్చరిక ఎవరు చేశారు, మైకులో చేశారా, చెదిరిపోవడానికి ఎంత టైమ్ ఇచ్చారు, మేజిస్ట్రేట్ ఉన్నారా, ఆడపిల్లలు కూర్చున్నచోట మహిళా సిబ్బంది ఎంతమంది, తల మీదికి లాఠీ ఎలా వచ్చింది అని అడగమనండి. బందోబస్తు స్కీం, ఆ రోజు స్టేషన్ జనరల్ డైరీ (జీడీ) ఎంట్రీలు, వైర్‌లెస్ మెసేజీలు ఆర్టీఐలో అడగొచ్చు. ఇవ్వం అంటారేమో, కోర్టు అడిగితే చూపించక తప్పదు. ఏ కాగితం ఎక్కడుంటుందో ఆమెకు చెప్పగలిగింది మీరు. కొట్టినవాడు జవాబు చెప్పాలి, కొట్టమన్నవాడు అంతకంటే ముందు చెప్పాలి. అప్పుడే ఆ కుర్రాడికి కూడా న్యాయం.

అమ్మాయితో ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదన్నారు. "నీ మంచికే చేశాను" అని మొదలుపెట్టకండి. ఆమె ఆ మాట కోసం ఎదురు చూడటం లేదు, అది విన్నవెంటనే లేచి వెళ్లిపోతుంది. డిపార్ట్‌మెంట్ కష్టాలు కూడా ఇప్పుడు వద్దు. భయపడ్డాను, డాక్టరుకు అబద్ధం చెప్పాను, అది నేనే చెప్పానని రాసిస్తాను అని చెప్పండి. ఆ తర్వాత ఆమె ఏం చేయాలనుకుంటుందో అడిగి, వినండి. వెంటనే మాట్లాడకపోవచ్చు. అమ్మను మధ్యవర్తిగా పంపకండి, మీరే కూర్చోండి.

ఎక్స్‌రే ఫిల్మ్ ఎవరి దగ్గర ఉందో మీరు రాయలేదు. మీ బీరువాలో ఉండి ఉంటుందని నా అనుమానం. ఈ రాత్రే తీసి ఆమె చేతికి ఇవ్వండి. రిజిస్ట్రార్‌కు లెటర్ రేపు పొద్దున పోస్టులో పడాలి.